కోతపండుగ వేలంల జోయెల్ గిటారు

మా ఆయన జోయెల్ గురించి మేడ్చల్‌ల ఎవరినన్న అడుగుండ్రి. "ఏ జోయెల్?" అంటరు. తుర్కపల్లి దిక్కు మందుల కంపెనీల, ప్యాకింగ్‌ల పనిజేస్తడని చెప్పుండ్రి, అప్పుడు సుత గుర్తుకురాదు. "గిటారు జోయెల్" అని చూడుండ్రి. "ఆ ముచ్చట ముందే చెప్పరాదుండ్రి!" అని మా ఇంటి గడప దాక తోలిచ్చి పోతరు.

ఆ గిటారు మా ఇంటికి నాకంటె ఆరేండ్లు ముందొచ్చింది. సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్లల ఒక ముసలి బ్యాండు మాస్టరు సామాన్లన్నీ అమ్ముకొని బిడ్డ దగ్గరికి బెంగుళూరు పోతుంటే, ఈయన తొమ్మిది నెలల జీతం కూడబెట్టి కొన్నడట. కరెంటు గిటారు. ఎర్రగుంటది, కింద మూలకు జర పెచ్చు లేచింది. దానికి గ్యాస్ స్టవ్వంత స్పీకరు డబ్బా ఒకటి. ఆ డబ్బా లేకుంటె, డబ్బాకు కరెంటు లేకుంటె, దానికి గొంతే లేదు. "సవతిని మంచిగనే సాదుకుంటున్నవు రోజీ" అని వాడకట్టోళ్లు నన్ను పరాచికాలాడుతరు. సవతైతే నయముండె, రెండు గిన్నెలన్న కడిగేది. ఇది బీరువ పక్కన మంచి జాగ జూసుకొని, మెత్తటి దుప్పటి కప్పుకొని పండుకుంటది. నాకు జ్వరమొస్తె ఇంట్ల ఉన్న గోలి ఇస్తడు. దానికి తీగె తెగితె సికింద్రాబాద్‌కు బస్సెక్కుతడు. గీ ముచ్చట మా అమ్మకు చెప్పి ఎన్నిసార్లు ఏడ్చిన్నో లెక్కలేదు.

మనిషైతే నోట్లె నాలుక లేనోడు. కంపెనీల సూపర్‌వైజరు తిడుతుంటె చేతుల ఉన్న లేబుల్ దిక్కు చూస్తడు. కూరల ఉప్పు లేకున్నా తింటడు, ఎక్కువైనా తింటడు. చుట్టాలింటికి పోతే గోడకున్న క్యాలెండర్ చదువుకుంట కూసుంటడు. గని ఆదివారం పొద్దుగాల పదిన్నరకు చర్చిల గిటారు మెడలేసుకున్నడంటె, ఆ మనిషి వేరు. నడుము నిటారుగైతది. మెడ తిరుగుతది. పాట ఎత్తుకునే వాళ్లకు కండ్లతోనే హుకుం ఇస్తడు, పాస్టరయ్యగారు సుత ఈయన తల ఊపేదాక నోరు తెరవడు.

మా పెండ్లైన కొత్తల కరెంటు ఊకె పోతుండె. ఒక క్రిస్మస్‌నాడు నడిపాటల పోయింది. డోలకు మోగుతాంది, జనం పాడుతున్నరు, ఎవ్వరికీ తెల్వలే. ఈయన మాత్రం కండ్లు మూసుకొని, ఒక్క చప్పుడు రాని గిటారును పాట అయ్యేదాక వాయించిండు. నేను ఆయన వేళ్లే చూస్తున్న, ఒక్క తీగె తప్పలే. ఇంటికొచ్చినంక "ఎవరికి ఇనపడ్డదని వాయించినవయ్యా?" అంటె "పాట ఆగలేదు గదా రోజీ" అన్నడు. గసొంటి మనిషితోని ఏం కొట్లాడుతం. పొయ్యి ముట్టించి చాయ్ పెట్టిన.

ఇగ మా కోతపండుగ సంగతి చెప్పాలె. నవంబరుల ఒక ఆదివారం చేసుకుంటం. వెనకట మా వాళ్లు నిజంగనే కోసిన వడ్లు, మక్కకంకులు, సొరకాయలు, కోళ్లు తెచ్చి దేవుని ముందల పెట్టేటోళ్లు. ఆరాధన అయినంక వేలం. వచ్చిన పైసలు చర్చికి. ఇప్పుడు కోసెటందుకు చేన్లు యాడున్నయి? కీసర నుంచి బహదూర్‌పల్లి దాక ఎటు జూసినా తెల్లరాళ్లు పాతిన ప్లాట్లే. అందుకని కొంపల్లి సూపర్‌మార్కెట్‌కు పోయి గుమ్మడికాయ కొని, స్టిక్కర్ పీకి, "ప్రభువా, నా కష్టార్జితపు పంట" అని పెడుతున్నరు. పోయినేడు మా సెక్రటరీ ఎడ్వర్డ్ తెచ్చిన దోసకాయలకు స్టిక్కరట్లనే ఉండె, రేటుతోని సహా. ఆ రేటు కాడికెళ్లే వేలంపాట మొదలుపెట్టినం.

ఈ వేలంల పనిముట్టు కానుక అని ఇంకో పద్ధతి ఉన్నది. చేన్లు లేనోళ్ల కోసం పెట్టిన్రు. టైలరు కత్తెర పెడతడు, మేస్త్రి తాపీ పెడతడు. పాడినోడు పైసలు చర్చికి కట్టి, పనిముట్టును అక్కడికక్కడే ఎవరిది వాళ్లకు తిరిగిస్తడు. ఇయ్యకుంటె ఎట్ల? తాపీ లేకుంటె మేస్త్రి పిల్లలేం తింటరు? ఇది యాడా రాసిలేదు, ఎవరూ చెప్పరు, గని అందరికెరుకే. మా మామ టైలరు. తన కుట్టుమిషను దేవునికి ఏడేండ్లు ఇచ్చిండు. ఏడేండ్లూ అదే పూట, అదే రిక్షాల ఇంటికి తోలుకొచ్చుకున్నడు. ఇచ్చిన పేరు పేరే, మిషను మిషనే. ఇసొంటి భక్తి ఇంకో కాడ దొరుకుతదా చెప్పుండ్రి. పాపం, ఆయన పోయేదాక ఆ మిషను మీదనే బతికిండు.

ఈ ఏడు మా కొత్త మందిరానికి స్లాబు ఆగిపోయింది. సత్యానందం అయ్యగారు సెప్టెంబరు నుంచే వాక్యమంతా స్లాబు దిక్కు తిప్పిండు. ఏడ మొదలువెట్టినా సిమెంటు కాడికే వచ్చి ఆగుతుండె. ఒక ఆదివారం గొంతు వణికించుకుంట, "ప్రియులారా, మిగిలినది ఇచ్చుట కానుక కాదు. ప్రియమైనది ఇచ్చుటయే కానుక" అన్నడు. ఆయనకు ప్రియమైన కారు బయట చెట్టు నీడల సల్లగ నిలబడ్డది. అందరు తలలు దించుకున్నరు. పశ్చాత్తాపం అనుకునేరు, గాదు. అయ్యగారి చూపు తమ మీద పడొద్దని. గప్పుడు లేచిండు మా మూగసామి. సభల ఒక్కసారన్న నోరిప్పని మనిషి, "నా గిటారు పెడ్త అయ్యగారూ" అన్నడు. హల్లెలూయ అని రేకులు అదిరినయి. నేను నెత్తి కొట్టుకున్న.

ఇంటికొచ్చినంక తలుపేసి ఒర్రిన. "మతి ఉన్నదా నీకు? ఎవడన్న తీస్కపోతే?"

"తీస్కపోరు రోజీ. పనిముట్టు గదా. నాయిన మిషను ఏడుసార్లు రాలేదా?"

"రాకపోతే ఏం జేస్తవు?"

కంచంల అన్నం కలిపిందే కలుపుతున్నడు. గప్పుడు నాకు బుగులు పుట్టింది. ఇన్నేండ్లు ఆ గిటారును తిట్టిపోసిన మాట నిజమే. గని అది పోతే ఈ మనిషిల ఏం మిగులుతది? లేబుళ్లు అంటించే చేతులు, ఉప్పు లేని కూర తినే నోరు. పెండ్లి చూపుల అప్పుడు చర్చిల గిటారు వాయించుకుంట కనబడితేనే నేను ఒప్పుకున్న. ఆదివారం పదిన్నర మనిషిని చూసి చేసుకున్న, మిగిలిన ఆరు రోజులాయన్ని చూసి గాదు. ఆ ఒక్కపూట మనిషి కోసం ఆరు రోజులు ఓర్చుకుంటున్న. ఆ ఒక్కపూట సుత పోతే నా గతేంది?

అందుకని నేను పక్కా బందోబస్తు చేసిన. నా తమ్ముడు కుమార్ ప్లాట్లమ్మే పనిల తిరుగుతుంటడు. ఇస్త్రీ అంగి, చేతుల రెండు ఫోన్లు. వాని చేతుల ఐదు వేలు పెట్టి, "గిటారు పాట రాంగనే చెయ్యెత్తు. ఐదు వేల లోపల కొట్టెయ్యి. అక్కడికక్కడే మీ బావ చేతుల పెట్టు" అన్న.

"అక్కా, నువ్వు నిమ్మలంగుండు. నేనున్న గదా" అన్నడు.

వాడు నేనున్న గదా అన్న పని ఇప్పటిదాక ఒక్కటి అయింది లేదు. గని తమ్ముడాయె, నమ్మిన.

పండుగనాడు పోయేసరికి చర్చి ముందల నాలుగు తెల్లకార్లు. శామీర్‌పేట చెరువు దాటినంక పెద్ద వెంచర్ వేసిన ప్రతాప్ సారు ముఖ్య అతిథట. స్లాబుకు వంద బస్తాల సిమెంటు ఇస్తనన్నడని మా కమిటీ పిలిచింది. ఆ దిక్కు భూములన్నీ వాళ్ల తాతలయి. ఇప్పుడు గజాల లెక్కన అందరివి అయితున్నయి. వార్డు ఎలక్షన్లు దగ్గరికొచ్చినయి, ఆయన టికెట్టు అడుగుతున్నడు. అదే టికెట్టు అడుగుతున్న జనార్ధన్ సారు పిలవకుండనే వచ్చిండు, పదిమంది పిలగాండ్లను ఎంబడేసుకొని. ఇద్దరూ చెప్పులు బయటిడిచి, ముందు వరుసల ఈ కొసకొకరు ఆ కొసకొకరు కూసోని, గట్టిగ కండ్లు మూసుకున్నరు. మా కమిటీ వాళ్లకంటె వాళ్లకే భక్తి ఎక్కువనిపించింది నాకు. ఒక కన్ను జర తెరిచి ఒకరినొకరు చూసుకుంటున్నరు గంతే.

వేలం మొదలైంది. ఎడ్వర్డ్ మైకు పట్టిండు. సొరకాయ పన్నెండు వందలు. కోడిపుంజు మూడు వేలు. ముసలి యాదవ్వ పెరట్ల చెట్టువి, ఆ పండుగకు వచ్చిన ఒకే ఒక్క నిజమైన కోత, ఐదు నిమ్మకాయలు పెట్టింది. వాటి మీద సార్లిద్దరూ పడ్డరు. నాలుగున్నర వేలకు ప్రతాప్ సారు తీస్కున్నడు. యాదవ్వ బిత్తరపోయి, "అయ్యో, చెట్టుకు ఇంకా ఉన్నయి బిడ్డా, ఊకనే ఇస్త" అన్నది. ఎడ్వర్డ్ మైకు పక్కకు తిప్పి ఆమెను కూసోబెట్టిండు.

తర్వాత గిటారును, దాని స్పీకరు డబ్బాను తెచ్చి బల్లమీద పెట్టిన్రు. "పనిముట్టు కానుక! మన ప్రియ సహోదరుడు జోయెల్ ముప్పై రెండేండ్లు వాయించిన గిటారు! పాడుండ్రి!"

నేను కుమార్ దిక్కు జూసిన. వాడు చెయ్యెత్తి, "రెండు వేలు!" అన్నడు. గట్టిగనే అన్నడు, నా పానం నిమ్మలపడ్డది. ముందు వరుసల నుంచి ప్రతాప్ సారు, ఎవరా అని ఊకనే ఎనకకు మర్లి చూసిండు. అంతే. కుమార్ గాడు ఎత్తిన చెయ్యిని అట్లనే తీసి నెత్తి గోక్కున్నడు. వాడు తిరిగేది ప్రతాప్ సారు ప్లాట్లకేనని నాకు గప్పుడెరుకైంది. కమీషన్ ఇచ్చే చెయ్యి ముందల కమీషన్ పట్టే చెయ్యి యాడ లేస్తది? నేను ఎంత గుడ్లురిమినా వాడు నా దిక్కు చూస్తెగా.

"నాలుగు వేలు" అన్నడు ప్రతాప్ సారు. "ఆరు" అన్నడు జనార్ధన్ సారు. ఎనిమిది, తొమ్మిది. పదకొండు కాడ ఆగింది. ఇగ జనార్ధన్ సారు తగ్గేటట్టున్నడు, గీ కాడికి ముగిస్తె గిటారు మా ఇంటికి వాపసొస్తది అనుకుంటున్న. గప్పుడు ఎడ్వర్డ్‌కు బుద్ధి పుట్టింది. "ఇనకుండ పాడితే ఎట్లండి? జోయెల్, నువ్వొచ్చి ఒక్క పాట వాయించు. సార్లు ఇననీ!"

ఈయన లేచి పోయి గిటారు మెడలేసుకున్నడు. నచ్చితే వాళ్లే ఉంచుకుంటరని బుగులై, నేను ఆడోళ్ల వరుసల నుంచి కండ్లతోని, చేతులతోని సైగలు జేసిన. ఖరాబు చెయ్యి! తప్పు వాయించు! తీగెలు కిర్రుమనిపియ్యి! చూసిండు. అర్థమైందన్నట్టు తల సుత ఊపిండు. మొదటి రెండు ముక్కలు నిజంగనే తప్పు కొట్టిండు. కొడుతుంటే ఆయన మొఖం చూడాలె మీరు, అన్నంల రాయి నమిలినట్టు పెట్టిండు. జనార్ధన్ సారు ఆవులించిండు. నా కడుపుల సల్లగైంది.

మూడో ముక్క తప్పు కొట్టలేకపోయిండు. వేళ్లు వాటంతట అవే సరైన జాగకు పోయినయి. కండ్లు మూసుకున్నడు. ఇగ ఈ లోకంల లేడు. ఇన్నేండ్ల కాపురంల అంత మంచిగ వాయించంగ నేను ఇనలే. బయట బిర్యానీ వండుతున్నోళ్లు గంటెలు పట్టుకొని తలుపు కాడికొచ్చిన్రు. అయ్యగారు ఫోన్ చూసుడు బందు చేసిండు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకంత మంచిగ వాయిస్తున్నవురా నాయినా అని కోపంతోని ఏడ్చిన్నో, ఇంత మంచిగ వాయించెటోడు నా మొగుడని సంతోషంతోని ఏడ్చిన్నో, నాకే తెల్వది.

పాట అయిపోయింది. "ఇరవై!" అన్నడు ప్రతాప్ సారు. "ఇరవై ఐదు!" "ముప్పై!"

నేను లేచి నిలబడ్డ. "ముప్పై ఒకటి!" అన్న. నా కాడ ముప్పై ఒక్క వేలు యాడివి? చెవుల కమ్మలు తాకట్టు పెట్టినా అన్ని రావు. గని నోటికొచ్చింది అనేసిన.

"సహోదరి రోజీ ఆత్మచేత కదిలించబడెను! హల్లెలూయ!" అని ఎడ్వర్డ్ ఎగిరిండు. ప్రతాప్ సారు నా దిక్కు చూసి, పక్కనున్నోనితోని, "ఇంటామెనే ఇంత పాడుతాందంటే వస్తువుల ఏదో మహిమ ఉన్నదిరా" అన్నడు. "యాభై!" నేను కూసున్న. ఇగ లేస్తే ఒట్టు. డెబ్బై రెండు వేల కాడ జనార్ధన్ సారు మోగని ఫోను చెవికి పెట్టుకొని, "హలో, హలో" అనుకుంట బయటికి పోయిండు.

చప్పట్లు. ఇగ పద్ధతి ప్రకారం గిటారు మా ఆయన చేతుల పెడతడని అందరం చూస్తున్నం. ఈయన రెండు చేతులు ముందుకు సాపిండు. ప్రతాప్ సారు ఆ రెండు చేతులు దగ్గరికి పట్టుకొని గట్టిగ ఊపిండు. "మస్తు వాయించినవన్నా" అని, గిటారు నెత్తిమీద పెట్టుకొని, దర్వాజ దాటి నడిచిండు.

ఆయన్ని సుత ఏమనెటట్టు లేదు. వాళ్లూర్ల వినాయకుని లడ్డు వేలమేస్తే, పాడినోనిదే లడ్డు. నెత్తిమీద పెట్టుకొని డప్పులతోని ఇంటికి పోతరు, ఇంటోళ్లందరు తిని మిగిలింది చేన్ల చల్లుకుంటరు. ప్రతాప్ సారు నాలుగేండ్లు లడ్డు పాడిన మనిషి. దేవుని కాడ పాడిన వస్తువును వాపసిస్తే అరిష్టం, ఇంటికి తెచ్చుకుంటే బర్కతు. ఆయన లెక్కల ఆయన మస్తు నిష్ఠగనే చేసిండు. బయట డప్పులు ముందే తయారుగున్నయి. టాపు లేని జీపుల దాని డబ్బా మీద గిటారును నిలబెట్టి, బంతిపూల దండేసి, పెచ్చు లేచిన కాడ ఇంత కుంకుమ పెట్టిన్రు. మా సంఘమంత నోర్లు తెరుసుకొని చూస్తున్నది.

"ఎవరన్న పోయి మన పద్ధతి చెప్పుండ్రి!" అని నేను ఒర్రిన.

ఎడ్వర్డ్, "డెబ్బై రెండు వేలమ్మా, ఇప్పుడు చెప్తే ఏం బాగుంటది?" అన్నడు. సత్యానందం అయ్యగారు ఆకాశం దిక్కు చూసి, "సిమెంటు ఇంకా రాలేదు సహోదరీ. అంతా దేవుని చిత్తం" అన్నడు. కుమార్ గాడు, "అక్కా, నా రెండు కమీషన్లు ఆయన కాడ ఆగి ఉన్నయి" అని మెల్లగ జారుకున్నడు. పిల్లి మెడల గంట కట్టెటోడు ఒక్కడు లేడు. జీపు పోతాంది.

"నువ్వన్న పోవయ్యా, నీది గదా!" అని మా ఆయన్ని దొబ్బిన.

"దేవునికిచ్చిన అన్న గదా రోజీ" అన్నడు. "ఇప్పుడు నాకియ్యుండ్రి అని అడిగితే, ఆనాడు అబద్ధమాడిన అని ఒప్పుకున్నట్టే."

జీపు సందు మలిగేదాక ఇద్దరం నిలబడ్డం, అటెనుక బిర్యానీ తినకుండనే ఇంటికొచ్చినం.

స్లాబు పడ్డది. గిటారు లేక పాటలకు తిప్పలైతాందని, గిటారు పైసలల్లకెళ్లే పాటల మిషను ఒకటి కొన్నరు. బటన్ ఒత్తితే డోలకు, పిల్లనగ్రోవి, గిటారు అన్నీ వస్తయి. అది ఎవరి కోసం ఆగదు. మా ఆయన ఆఖరి వరుసల కూసుండుడు మొదలుపెట్టిండు. ఇంటికొచ్చి బీరువ పక్కన ఖాళీ జాగ చూస్తుండె. ఆయన ఎడమచేతి వేళ్లకు తీగెల కాయలున్నయి, గవ్వల లెక్క గట్టిగ. అవి మెత్తపడుతున్నయా అని రోజూ గోటితోని గిచ్చి చూసుకుంటుండె. ఒకనాడు బనీనుతోని కూసోని ఒకటే చూసుకుంటుండె. ఇగ ఓర్చుకోలేక, నేనే శామీర్‌పేట బస్సెక్కిన.

ప్రతాప్ సారు ఆఫీసుల ఆయన కుర్చీ ఎనక గోడకు వేలాడుతాంది మా గిటారు. కింద స్పీకరు డబ్బా, ముందల అగర్‌బత్తి. ఆయన నన్ను మంచిగ కూసోబెట్టి చాయ్ తాపిండు. "మీ గిటారు మస్తు కలిసొచ్చిందమ్మా. వచ్చిన వారంలనే మూడు ప్లాట్లు పోయినయి" అన్నడు. నేను ఇగ దాసిపెట్టలే. పనిముట్టు కానుకంటే ఏంది, మా మామ మిషను ఏడుసార్లు ఎట్లొచ్చింది, అంతా చెప్పిన. ఆయన నిజంగనే పరేషాన్ అయిండు.

"అయ్యో! ఒక్కరన్న చెప్పకపోయిన్రా అమ్మా! నేనేం దొంగనా?" అన్నడు. జరసేపు గడ్డం గోక్కున్నడు. "ఇప్పుడు తిరిగిస్తే జనార్ధన్ గాడేమంటడు? పైసలు కట్టలేక వాపసిచ్చిండంటడు. ఎలక్షన్లు కానీయుండ్రి, చూద్దాం." మల్ల ఆయనకేదో తట్టింది. "గిట్ల చేద్దాం. ఆదివారాలు మాకు కస్టమర్లొస్తరు, పది నుంచి రెండు దాక. జోయెలన్నను రమ్మనుండ్రి. షామియానా కింద కూసోని వాయిస్తడు. గోడకు ఉట్టిగ వేలాడితే దానికేం ఫాయిదా?"

నేను నవ్వుకుంటనే ఇంటికొచ్చిన. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టే మనిషా ఈయన? వాన పడ్డా, జ్వరమొచ్చినా పోయిండు. మా బిడ్డ మనీషా ఆదివారం పుడితే, ఆఖరి పాట అయినంకనే దవాఖానకొచ్చిండు. ఇయ్యాల్టికీ అది నేను మరువలే. గందుకే, "ప్రతాప్ సారు గిట్ల అన్నడయ్యా, ఎంత ధైర్యం సూడు, ఆదివారం పూట రమ్మంటున్నడు" అని చెప్పిన.

ఈయన తల ఎత్తి, "ఎన్నింటికంట?" అన్నడు.

ఆదివారం పొద్దుగాలనే తానం చేసి, ఇస్త్రీ అంగి ఏసుకొని, షూ తుడుసుకొని పోయిండు. సాయంత్రం వచ్చినంక కూర తింటూ, "ఉప్పు తక్కువైంది" అన్నడు. పెండ్లైనప్పటి నుంచి మొదటిసారి. నేను ఉప్పు డబ్బా తెచ్చి ముందల పెట్టి, ఆయన మొఖమే చూసుకుంట కూసున్న.

మూడు ఆదివారాలు నేను ఒక్కదాన్నే చర్చికి పోయిన. పోయిన ఆదివారం రెండో పాట నడుస్తాంది. మిషను మస్తుగ మోగుతాంది, ఒక్క ముక్క తప్పు లేదు. నేను లేచి, బైబిలు సంచిల పెట్టుకొని, గుమ్మం కాడ చెప్పులేసుకుంటున్న. సత్యానందం అయ్యగారు జల్దీ జల్దీ నడుసుకుంట వచ్చిండు.

"సహోదరీ, ఆరాధన మధ్యలో ఎక్కడికి? సహోదరుడు జోయెల్ కూడా కనబడుట లేదు."

"అయ్యగారూ," అన్న, "మేం గిటారు దేవునికిస్తిమి. మీరు దాన్ని ప్రతాప్ సారుకు ఇస్తిరి. దాని ఎంబడి మా ఆయన పాయె. ఇగ ఈడ మిగిలింది నేనూ, మీ మిషనూ. మిషనుకు ఇనేటోళ్లు అక్కర్లేదు, ఆయనకు కావాలె. పక్కకు జరుగుండ్రి, శామీర్‌పేట బస్సు పోతది."